రిజిస్టరు నుంచి సెల్‌ఫోను దాకా: కోసాడ్ చెప్పే ఆరోగ్య సమాచార చరిత్ర

సూరత్ నుంచి వడోదర వైపు వెళ్ళే పాసింజరు రైలు తపతి నది దాటాక ముందు ఉత్రాన్, ఆ తరువాత కోసాడ్ అనే చిన్న స్టేషన్లలో ఆగుతుంది. కోసాడ్ పేరు మీలో చాలామంది విని ఉండరు. 2006కు ముందు అది నగర పరిధికి బయటి ఊరు. ఆ సంవత్సరం సూరత్ నగరపాలక సంస్థ తన హద్దులను సుమారు 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326 చదరపు కిలోమీటర్లకు పెంచుకుంది. అప్పుడే కోసాడ్ నగరంలో కలిసింది. 2005 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం కింద ఇక్కడ పేదలకు పెద్ద ఎత్తున ఇళ్ళు కట్టారు. తపతి ఒడ్డు బస్తీల నుంచీ, నగరంలోని ఇతర బస్తీల నుంచీ ఖాళీ చేయించిన కుటుంబాలు ఈ ఇళ్ళలోకి వచ్చాయి. ఆ కాలనీని కోసాడ్ ఆవాస్ అంటారు.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. ఇల్లు మారిన కుటుంబం మంచం, గిన్నెలు, కుట్టుమిషను వెంట తెచ్చుకుంటుంది. పాత బస్తీలో ఆరోగ్య కార్యకర్త రిజిస్టరులో ఉన్న పేరు ఎలా వస్తుంది? పిల్లవాడికి ఏ టీకా పడింది, తల్లికి క్రితం కాన్పులో రక్తం ఎందుకు ఎక్కించారు, తండ్రి క్షయ మందులు ఎన్ని నెలలు వాడాడు అన్న సంగతులు ఎవరి వెంట ప్రయాణం చేస్తాయి? ఈ ప్రశ్నకు గత 30 ఏళ్ళలో దొరికిన రకరకాల జవాబులే ఈ పాఠం. ఆ జవాబులలో సగం ఇంజనీర్లు రాశారు. మిగతా సగం రాసింది నర్సులు, ఆశా కార్యకర్తలు, బిడ్డల తల్లులు. వాళ్ళు ఆ సంగతి తెలిసి చేసినది కాదు.

మొదట 1994కు వెళదాం. ఆ సంవత్సరం సెప్టెంబరు మూడవ వారంలో సూరత్ ఆసుపత్రులకు విపరీతమైన జ్వరం, దగ్గు, నెత్తుటి కళ్ళెతో రోగులు రావడం మొదలైంది. ప్లేగు అన్న మాట ఒక్క రాత్రిలో ఊరంతా పాకింది. మృతుల సంఖ్య చివరికి యాభై పైచిలుకు దగ్గర ఆగింది. ఊరు విడిచి పారిపోయినవారి సంఖ్య మాత్రం లక్షలలో ఉంది. చాలామంది ప్రైవేటు వైద్యులు కూడా తలుపులు మూసి వెళ్ళిపోయారు. మందుల దుకాణాలలో టెట్రాసైక్లిన్ దొరకలేదు. నీటిలో విషం కలిపారన్న పుకారు కూడా ఊరిలో తిరిగింది.

భారతదేశంలో మొదటి సెల్‌ఫోను కాల్ 1995 జులై 31న జరిగింది. కనుక 1994 సూరత్‌లో సమాచారం ఎస్.టి.డి. బూతుల ద్వారా, రైలు పెట్టెల ద్వారా, వార్తాపత్రికల ద్వారా ప్రయాణించింది. ఏ వాడలో ఎంతమందికి జ్వరం ఉందో చెప్పగలిగిన పట్టిక నగర అధికారుల దగ్గర ఉంటే ప్రజలు అలా పారిపోయేవారు కాదని నేను అనను. భయానికి లెక్కలతో పనిలేదు. కాని పట్టిక లేనప్పుడు ఆ ఖాళీని పుకారు నింపుతుంది. సూరత్ అనుభవం ఇంతవరకు స్పష్టంగా చెబుతుంది.

ఈ కథలో ఇద్దరు శాస్త్రజ్ఞులను తెలుగు పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. అది అసలు ప్లేగేనా కాదా అన్న వివాదం దేశ విదేశాలలో చెలరేగినప్పుడు, తేల్చవలసిందిగా కేంద్ర ప్రభుత్వం ఒక సాంకేతిక సలహా సంఘాన్ని నియమించింది. దానికి అధ్యక్షులు డా. వులిమిరి రామలింగస్వామి. ఆయన 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివినవారు. అది ప్లేగేనని ఆ సంఘం నిర్ధారించింది. అయినా సందేహాలు పూర్తిగా తీరలేదు. 2000లో హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన డా. ఎస్. శివాజీ బృందం, ఆనాటి నమూనాల నుంచి వేరుచేసిన సూక్ష్మజీవుల డి.ఎన్.ఎ.ను పరీక్షించి, అవి ప్లేగు క్రిములేనని ప్రకటించింది. రోగం పేరు తేలడానికి ఆరేళ్ళు పట్టిందన్నమాట.

1995 మేలో ఎస్.ఆర్. రావు సూరత్ మునిసిపల్ కమిషనరుగా వచ్చారు. చెత్త ఎత్తించడం, అక్రమ కట్టడాలు తొలగించడం, అధికారులను ఎయిర్‌కండిషన్ గదుల నుంచి వీధులలోకి పంపడం, ఇవన్నీ పత్రికలలో బాగా వచ్చాయి. 1996 నాటికి సూరత్ దేశంలో రెండవ పరిశుభ్ర నగరమన్న పేరు తెచ్చుకుంది. మన పాఠానికి ముఖ్యమైనది అంతగా ప్రచారం పొందని మరో పని. జ్వరాలు, విరేచనాలు, మరణాల వివరాలు నగరంలోని ఆసుపత్రుల నుంచి రోజూ తెప్పించుకునే అలవాటు ఈ కాలంలో స్థిరపడింది. ఆ లెక్క నెలాఖరు నివేదిక కాదు, ఏ రోజుది ఆ రోజే. నెల చివర వచ్చే అంకె గత నెలలో ఏమి జరిగిందో చెబుతుంది, అంతకు మించి దానితో పని ఉండదు. సాయంత్రానికి వచ్చే అంకె రేపు ఉదయం దోమల మందు కొట్టే బృందం ఏ వీధికి పోవాలో చెబుతుంది.

మన దేశంలో మలేరియా కార్యకర్తలకు కాగితం కన్నా పాతదైన సాధనం ఒకటి ఉంది. అది ఇంటి గోడ. ఫలానా తేదీన వచ్చి చూశాం, మందు చల్లాం అని తలుపు పక్కన స్టెన్సిల్‌తో గుర్తు వేసేవారు. తరువాత వచ్చిన పర్యవేక్షకుడు గోడ చూసి పని జరిగిందో లేదో గ్రహించేవాడు. ఇంటివాళ్ళు కూడా చదవగలిగేవారు. ఇప్పటి సెల్‌ఫోను వ్యవస్థలలో కార్యకర్త నమోదు చేసిన విషయం ఆమె పైఅధికారికి వెంటనే కనిపిస్తుంది, ఆ ఇంటివాళ్ళకు మాత్రం కనిపించదు. ఈ తేడాను మనసులో పెట్టుకుని ముందుకు చదవండి.

ఇక తెలుగు నేలకు వద్దాం. ఆరోగ్య కార్యకర్త చేతికి యంత్రం ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. 1990ల మధ్యలో యాపిల్ సంస్థ తన ‘న్యూటన్’ అనే చేతి కంప్యూటరును రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లాలో ఏ.ఎన్.ఎం.ల మధ్య పెట్టి చూసింది. 2001 ప్రాంతంలో నల్లగొండ జిల్లాలో ప్రపంచబ్యాంకు అనుబంధ కార్యక్రమం సాయంతో, సి.ఎం.సి. సంస్థ సాంకేతిక సహకారంతో ఏ.ఎన్.ఎం.లకు అటువంటి చేతి కంప్యూటర్లే ఇచ్చారు. ఆశ ఏమిటంటే, ఆమె రిజిస్టర్లు మోయనక్కరలేదు, నెల చివర కూర్చుని కూడికలు వేయనక్కరలేదు. ఏ.ఎన్.ఎం. అంటే మందుల సంచీ ఎంత బరువో రిజిస్టర్ల సంచీ అంత బరువు మోసే మనిషి అని మీరు గమనించే ఉంటారు. చేతి కంప్యూటరు వచ్చింది సరే, దాన్ని చార్జి చేయడానికి కరెంటు కావాలి. పాడైతే బాగుచేసేవాడు జిల్లా కేంద్రంలో ఉంటాడు. అన్నిటికీ మించి, పైవాళ్ళు కాగితపు రిజిస్టరును రద్దు చేయరు. ఇలాంటి చోట యంత్రం పాతదాని స్థానంలోకి రాదు, దాని పక్కన చేరుతుంది.

అదే సమయంలో చిత్తూరు జిల్లా కుప్పంలో మరొక ప్రయోగం జరిగింది. దక్షిణాఫ్రికాలో జాతివివక్ష పాలన అంతమయ్యాక అక్కడి జిల్లాల ఆరోగ్య లెక్కల కోసం డి.హెచ్.ఐ.ఎస్. అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తయారైంది. ఓస్లో విశ్వవిద్యాలయ పరిశోధకులు యోర్న్ బ్రా, సందీప్ సాహే తదితరులు దాన్ని 2000 చివరలో కుప్పం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు తెచ్చారు. ఆ రోజులలోనే రాష్ట్ర ప్రభుత్వానిది కుటుంబ ఆరోగ్య సమాచార వ్యవస్థ అనే మరో పథకం అక్కడే నడుస్తోంది. రెండింటికీ మధ్య ఉన్న తేడా మన పాఠానికి కీలకం.

మొదటిదానికి అంకెలు చాలు. ఈ నెల ఈ కేంద్రంలో ఎంతమంది గర్భిణులు నమోదయ్యారు, ఎన్ని పోలియో చుక్కలు వేశారు అన్నది దానికి కావలసిన విషయం. రెండవదానికి పేర్లు కావాలి. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరికి ఏమి జరిగింది అన్నది అది అడుగుతుంది. అంకెల వ్యవస్థ తేలిక, చౌక, వైద్యాధికారి తన కేంద్రం ఎలా నడుస్తోందో తనే చూసుకోవచ్చు. కాని తప్పిపోయిన మనిషిని అది వెతకలేదు. పేర్ల వ్యవస్థ వెతకగలదు. అందుకు ప్రతి ఇల్లూ తిరిగి రాసే మనుషులు కావాలి, మనుషులు ఇల్లు మారినప్పుడల్లా మళ్ళీ రాయాలి. కుప్పంలో నేర్చిన పాఠాలు తరువాత ఇతర రాష్ట్రాలకు వెళ్ళాయి. డి.హెచ్.ఐ.ఎస్. రెండవ రూపాన్ని 2006లో ప్రపంచంలో మొట్టమొదట వాడినది కేరళ. ఇప్పుడు అది డజన్ల కొద్దీ దేశాలలో నడుస్తోంది. పేర్లా, అంకెలా అన్న తగవు మాత్రం తీరలేదు. గుజరాత్ 2010లో పేర్ల వైపు మొగ్గింది.

ఆ సంవత్సరం మొదలైన వ్యవస్థ పేరు ఇ-మమత. ప్రతి గర్భిణికి, ప్రతి బిడ్డకు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఏ తేదీకి ఏ పరీక్ష, ఏ టీకా పడాలో కంప్యూటరు లెక్కవేసి కార్యకర్తకు పని జాబితా ఇస్తుంది. దాదాపు అదే కాలంలో కేంద్ర ప్రభుత్వం కూడా తల్లీబిడ్డల ఆచూకీ వ్యవస్థను దేశమంతటా ప్రవేశపెట్టింది. చెప్పుకోవడానికి ఇది సులువు. పట్టణంలో, అందులోనూ సూరత్ వంటి వలసల పట్టణంలో, ఆచరణ వేరుగా ఉంటుంది. ఎందుకో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే తెలుగు పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా వెళ్ళినవారు. ఎక్కువమంది కోసాడ్‌కు ఎదురుదిక్కున, లింబాయత్, ఉధనా వైపు ఉంటారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడిపిందంటే వారి సంఖ్య అర్థం చేసుకోవచ్చు. అటువంటి ఇంటి కోడలు ఒకామెకు మూడవ నెలలో సూరత్ పట్టణ ఆరోగ్య కేంద్రంలో పేరు రాశారనుకోండి. గుజరాతీ పద్ధతిలో ఆమె పేరు, భర్త పేరు, ఇంటిపేరు మూడు గడులలో చేరుతాయి. ఏడవ నెలలో ఆమెను తొలి కాన్పుకు తల్లిగారింటికి తీసుకుపోతారు. గుజరాతీలకు కూడా ఈ ఆచారం ఉంది. ఏడవ నెలలో శ్రీమంత్ వేడుక చేసి కోడలిని పుట్టింటికి, వారి మాటలో పియర్‌కు, పంపుతారు. కాబట్టి ఇది ఒక్క తెలుగువారి సమస్య అనుకోకండి. కోసాడ్‌లో ఉన్న గుజరాతీ, మరాఠీ, ఒడియా కుటుంబాలకూ ఇంతే.

ఇప్పుడు తల్లిగారి ఊళ్ళో ఏ.ఎన్.ఎం. ఏమి రాస్తుంది? ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన పేరు రాస్తుంది, అంటే పుట్టింటి ఇంటిపేరు ముందుపెట్టి. ఆమె చేతిలోని ఫోను నంబరు కూడా మారుతుంది. 2000లలో రాష్ట్రం దాటితే రోమింగ్ చార్జీలు భరించలేక జనం స్థానికంగా కొత్త సిమ్ కొనుక్కునేవారు. దేశమంతటా ఒకే నంబరు ఉంచుకునే సౌకర్యం 2015 జులై 3న మాత్రమే వచ్చింది. అసలు సూరత్‌లో రాసిన నంబరు చాలాసార్లు ఆమెది కాదు, మగ్గం దగ్గర ఉన్న భర్తది. ఫలితం చూడండి. ఒకే మనిషికి రెండు రాష్ట్రాలలో రెండు పేర్లు, రెండు నంబర్లు, రెండు రికార్డులు ఉంటాయి. సూరత్ కంప్యూటరులో ఆమె పరీక్షలకు రాని గర్భిణి. తెలంగాణ కంప్యూటరులో ఆలస్యంగా నమోదైన గర్భిణి. నిజానికి ఆమె ఏ పరీక్షా తప్పలేదు.

2017 జూన్ 2న తెలంగాణలో కె.సి.ఆర్. కిట్ పథకం మొదలైనప్పుడు ఈ కథకు మరో మలుపు వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయితే విడతలవారీగా 12,000 రూపాయలు, ఆడపిల్ల పుడితే 13,000 ఇచ్చేవారు. పథకం తెలంగాణ వాసులకే, ముందుగా నమోదు తప్పనిసరిగా ఉండేది. డబ్బు బ్యాంకు ఖాతాలోకి వచ్చేది కాబట్టి పేరు, ఆధార్, ఖాతా, ఫోను నంబరు సరిపోలవలసి వచ్చేది. అంతకు ముందు ఎన్ని ఉత్తర్వులు ఇచ్చినా రాని శ్రద్ధ ఇటువంటి చోట వస్తుంది. అక్షరం తప్పు పడితే సవరించమని తల్లే వచ్చి అడుగుతుంది. లాభం ఉన్న చోట జనం రికార్డును స్వయంగా దిద్దుకుంటారు, లేని చోట పట్టించుకోరు. ఇందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. ‘మీ బిడ్డకు రేపు టీకా’ అని సందేశం పంపడం మాటల్లో సులువే. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే ఒక సందేశానికి 160 పడతాయి. తెలుగు, గుజరాతీ వంటి లిపులకు వాడే సంకేత పద్ధతిలో 70 మాత్రమే పడతాయి. మన గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక నిజానికి అంత కూడా మిగలదు. అంటే అదే మాట తెలుగులో చెప్పాలంటే రెండు మూడు సందేశాల ఖర్చు. పైగా 2000లలో చవక ఫోన్లలో చాలావాటి తెరమీద తెలుగు గళ్ళుగళ్ళుగా కనిపించేది. జనం దీనికి తమ పరిష్కారం తామే వెతుక్కున్నారు. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నారు, లేదా రాయడమే మానేసి మిస్డ్ కాల్ ఇచ్చారు. ఒక్క పైసా ఖర్చు లేకుండా ‘వచ్చాను’, ‘బయలుదేరు’, ‘నాకు ఫోను చెయ్యి’ అని చెప్పగలిగిన మిస్డ్ కాల్‌ను ఏ ఇంజనీరూ రూపొందించలేదు.

ప్రభుత్వాలు ఈ సంగతి ఆలస్యంగానైనా గ్రహించాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, 2007 ఆగస్టులో గుజరాత్‌కు చేరిన 108 అంబులెన్సు సేవ అందుకు తొలి ఉదాహరణ. అక్కడ చదువు అక్కరలేదు. నోటితో చెబితే వినేవాడు కంప్యూటరులోకి ఎక్కిస్తాడు. 2016 జనవరిలో కేంద్రం ప్రారంభించిన ‘కిల్కారి’ కూడా ఎస్సెమ్మెస్ కాదు, గర్భిణి ఫోనుకు వారం వారం వచ్చే గొంతు. 2020లో ఆరోగ్య సేతు యాప్ వచ్చినప్పుడు, స్మార్ట్‌ఫోను లేనివారి కోసం 1921 అనే నంబరు పెట్టారు. ఆ నంబరుకు చేయవలసినది మిస్డ్ కాలే.

ఇక కార్యకర్త చేతిలోని ఫోను సంగతి. సూరత్‌కు ఉత్తరాన, నర్మదకు ఇవతలే భరూచ్ జిల్లాలో ఝగడియా ఉంది. అక్కడి సేవా రూరల్ అనే స్వచ్ఛంద సంస్థ 2013లో ‘ఇమ్‌టెకో’ అనే పద్ధతిని గిరిజన గ్రామాల ఆశా కార్యకర్తలతో ప్రారంభించింది. నేను ఈ పాఠం కోసం చూసిన ప్రయోగాలలో ఇది నాకు ఎక్కువ నచ్చింది. కారణం, అది పైకి లెక్క పంపడంతో మొదలు కాలేదు. ఆశ ఇంటికి వెళ్ళినప్పుడు ఏమి అడగాలి, బిడ్డ ఒళ్ళు చల్లగా ఉంటే ఏమి చేయాలి అన్నది ఫోను చెబుతుంది. రికార్డు ఆ సందర్శనలోనే పుడుతుంది. యాదృచ్ఛిక విభజనతో జరిపిన అధ్యయనం 2019లో ప్రచురితమైంది. ఆ పద్ధతి ఉన్న గ్రామాలలో ఇళ్ళకు ఆశల రాకపోకలు పెరిగాయని అందులో తేలింది. 2017 అక్టోబరులో ప్రధానమంత్రి వడ్‌నగర్‌లో ఇమ్‌టెకోను ప్రారంభించారు. తరువాత దాని ఆధారంగా గుజరాత్ ప్రభుత్వం టెకో ప్లస్ పేరుతో రాష్ట్రమంతటికీ విస్తరించింది. మన వైపు 2016 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఏ.ఎన్.ఎం.లకు ‘అన్‌మోల్’ అనే టాబ్లెట్ యాప్ వచ్చింది.

అయితే కొన్ని వందల గ్రామాలలో పనిచేసినది నగరంలో అలాగే పనిచేయదు. గిరిజన గ్రామంలో ఆశ ఆ ఊరి కోడలు. ఫోను లేకపోయినా ఎవరు ఎవరో ఆమెకు తెలుసు. కోసాడ్ ఆవాస్ వంటి చోట ఒకే మెట్ల వరుసలో ఎదురెదురు తలుపుల వాళ్ళు వేర్వేరు బస్తీల నుంచి, వేర్వేరు భాషలతో వచ్చి ఉంటారు. చిరునామా ఎచ్-2, ఎచ్-3 వంటి విభాగం గుర్తు, భవనం సంఖ్య, గది సంఖ్య. కేటాయింపు ఒకరి పేరున, కాపురం మరొకరిది అయితే, లేదా గది అద్దెకు పోతే, చిరునామాకు కట్టిన రికార్డు మళ్ళీ తెగిపోతుంది. అప్పుడు కార్యకర్త చేసేది అన్ని చోట్లా ఒకటే. పక్కింటివాళ్ళను అడిగి, తన సొంత నోటుబుక్కులో గుర్తులు రాసుకుంటుంది. అధికారులు ఈ నోటుబుక్కును చూసి, కార్యకర్తలకు యాప్ వాడడం రాలేదని అంటారు. నాకు అలా అనిపించదు. యాప్‌లో గడి లేని విషయాలన్నీ ఆ నోటుబుక్కులోనే ఉంటాయి. తరువాత యాప్ చేసేవాడు మొదట చదవవలసినది కూడా దాన్నే.

2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి 9 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు సూరత్‌లో అధిక భాగం మునిగింది. ఇళ్ళలోని కాగితాలు, కార్డులు కూడా నీళ్ళపాలయ్యాయి. నగరం ఆ తరువాత వాతావరణ మార్పునూ, రోగాలనూ కలిపి ఆలోచించడం నేర్చుకుంది. 2013లో అక్కడ ఇందుకోసం పట్టణ ఆరోగ్య, వాతావరణ కేంద్రం ఒకటి ఏర్పడింది. రికార్డును కంప్యూటరులో ఉంచాలన్న వాదనకు వరద కన్నా గట్టి సాక్ష్యం అక్కరలేదు. దానికి ఎదురువాదనను 2020 చూపింది. ఆ మార్చిలో నగరపాలక సంస్థ ఒక యాప్ తెచ్చి, ఇంటి నిర్బంధంలో ఉన్నవారు తామున్న చోటును, ఫొటోను పంపాలని నియమం పెట్టింది. టీకా గుర్తుచేసే ఫోనే ఇప్పుడు గడప దాటావా అని అడిగింది. మహమ్మారి కాలంలో దానికి కారణం ఉంది, నిజమే. అయినా, ఒకసారి కాపలా కాసిన ఫోనుకు తరువాత ఇంటి సంగతులు చెప్పడానికి మనిషి వెనకాడితే అది అర్థం చేసుకోదగినదే.

చివరగా కోవిన్ సంగతి. 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు ఒక ఫోను నంబరు మీద నలుగురి పేర్లు మాత్రమే రాసుకోనిచ్చింది. ఇంటికి ఒకే ఫోను, ఇంట్లో అంతకంటే ఎక్కువమంది ఉన్న కుటుంబాలు దేశమంతటా ఉన్నాయి. 2022 జనవరిలో ఆ పరిమితిని ఆరుకు పెంచారు. జనం ఫోను వాడే తీరును చూసి యంత్రం తన గడిని వెడల్పు చేసుకుంది. ఇంట్లో పసిబిడ్డల టీకా కార్డు ఉంటే ఒకసారి తీసి చూడండి. దాని మీద రాసిన ఫోను నంబరు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? తల్లి పేరు ఏ ఇంటిపేరుతో రాశారు? 12 అంకెల ఆర్.సి.హెచ్. నంబరు గడి నిండి ఉందా, ఖాళీగా ఉందా? ఖాళీగా ఉంటే, ఈసారి టీకాకు వెళ్ళినప్పుడు ఏ.ఎన్.ఎం.ను అడిగి రాయించుకోండి.